ఆ ఇంటికి అడ్వాన్సు ఇవ్వకు

బావా,

షిఫ్టు నుంచి రాగానే పాపని బడి నుంచి తీసుకురా. నిన్న చూసిన అనకాపల్లి ఇంటికి మాత్రం అడ్వాన్సు ఇవ్వకు. నేను అక్కడే గవరపాలెంలో ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాను.

ఇంటావిడ "నీసు వండకూడదు" అంటే తలూపావు, ఊరుకున్నాను. కానీ మనతో ఇల్లు చూద్దామని చేపల గంపతోనే వచ్చిన మా అమ్మని చూపించి ఆవిడ "ఆవిడెవరు?" అనడిగితే, "ఎవరో చేపలమ్మేదండి" అన్నావు. గేటు దగ్గరున్న అమ్మ విన్నది.

ఈసారి నేనే ముందు చెప్తాను. "మాది పూడిమడకండి. మాయమ్మ చేపలమ్ముతాది. మాకాడికి వత్తాది, లోపలే కూకుంటాది" అంటాను. సరేనన్న వాళ్లింట్లోనే దిగుదాం. ఆలస్యమైనా పర్లేదు.

దుర్గ

అమ్మ పొద్దున్నే వచ్చి, నీకిష్టమని వంజరం చేప పులుసు పెట్టి వెళ్లింది. పొయ్యి మీదుంది, తిను.