ఏడో సంచి

తేది 9-2-2019, శనివారం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ అత్తా బాగానే ఉన్నాం. నీ ఒంట్లో కూడా బాగుందని అనుకుంటున్నాను. ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో. ఫోనులో అయితే నాకు ఊ తప్ప ఇంకో మాట రాదు, అందుకే రాస్తున్నాను.

విషయం చెబుతాను. గురువారం కాలవ ఆఫీసు మీటింగులో నువ్వు చదివే రిపోర్టులోంచి ఏడో సంచి మట్టి తీసెయ్యి.

మా పొలంలో పన్నెండు చోట్ల మట్టి తీసి సంచుల్లో కట్టుకెళ్ళావు. పట్నం మురుగునీళ్ళు మా కాలవలోకి వదులుతున్నారు, జనం మింగిన మందులన్నీ మట్టికి పడుతున్నాయి, శుద్ధి చేసి వదలమని గట్టిగా అడుగుతానన్నావు. పన్నెండింట్లోనూ మందులు తేలాయనీ, ఏడో దాంట్లో మూర్ఛ మందు మిగతావాటికి నలభై రెట్లు ఉందనీ, దాన్నే రిపోర్టులో అన్నిటికన్నా పైన పెడతాననీ మొన్న చెప్పావు. నేను ఊ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అది కాలవ నీళ్ళది కాదు తల్లీ. మోటారు గది వెనక, గోడకి జానెడు దూరంలో, నువ్వు ఏడో సంచి నింపిన చోటే, నా ఫిట్సు బిళ్ళలు పాతాను. గడువు దాటినవి, రెండు అట్టలు.

ఆ రోజు నువ్వు గట్టు మీద కాగితం పట్టుకుని, పొలంలో మందేమైనా వేశారా మామయ్యా అని అడిగావు. పురుగుమందు అనుకుని లేదన్నాను. పక్కచేను ఆయన, నోటికి తాళం లేదని రేడియో అంటామే, ఆయన అందుకుని, మందు పొలానికి పోస్తే మనకేం మిగులుతుందమ్మా అన్నాడు. నువ్వు నవ్వుతూ టిక్కు పెట్టేశావు. నేనూ నవ్వాను. బిళ్ళ కూడా మందేనని అప్పుడే తట్టింది. మాట పెగల్లేదు.

కాలవ ఆఫీసువాళ్ళు మళ్ళీ తవ్వించి చూస్తారు. బిళ్ళ రేకు ఒక్కటి దొరికితే చాలు. ఒక్క పుచ్చు గింజ చూపించి బస్తా అంతా వెనక్కి పంపినట్టు, నీ మూడేళ్ళ కష్టం పక్కన పడేస్తారు. ఆ నీళ్ళు అలాగే వస్తాయి.

నిన్న ఆ మట్టి తవ్వి దూరంగా పారబోద్దామని పార పట్టుకెళ్ళాను. నీ మాట గుర్తొచ్చి ఆగాను. ఈ మందు మట్టిని పట్టుకుంటే వాన కడిగినా ఓ పట్టాన వదలదు, కాస్త కాస్త వదిలింది వేళ్ళలోకి ఎక్కుతుంది అన్నావు కదా. ఎక్కడ పారబోస్తే అక్కడా అంతే. అందుకని చుట్టూ ఇటుకలు పేర్చాను. ఆ చోట ఇక ఏమీ నాటను. ఏం చెయ్యాలో నువ్వు వచ్చి చెప్పు.

గురువారం నేనూ వస్తున్నాను. వద్దనకు. బడిలో హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాణ్ణి గాని పలికేవాణ్ణి కాను. అయినా సరే, లేచి నిలబడి రెండు మాటలు చెబుతాను. ఏడో సంచి నాది. మిగతా పదకొండూ మీ నీళ్ళవి. చెప్పి కూర్చుంటాను.

ఇట్లు,
నీ మామయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. రెండు అట్టలన్నది అబద్ధం. గడువు దాటినవీ కావు. మట్టి ఎంత పట్టిందో తేల్చేదానివి, నీకు తప్పు చెప్పకూడదు. రెండేళ్ళ నుంచి రోజుకో బిళ్ళ. పొద్దున్నే మీ అత్త రేకుతో సహా కత్తిరించి చేతిలో పెడితే, మోటారు దగ్గర నీళ్ళతో వేసుకుంటానని చెప్పి, బిళ్ళా రేకూ అక్కడ పాతేవాణ్ణి. వేసుకుంటే మాట తడబడుతుంది. అసలే నాకు ఉన్నవి నాలుగు మాటలు. ఇప్పుడీ ఉత్తరం మొత్తం మీ అత్తకు చదివి వినిపించాను. వినగానే లేచి వెళ్ళి బిళ్ళా చెంబుతో నీళ్ళూ తెచ్చి ఎదురుగా కూర్చుంది. గురువారం బిళ్ళ వేసుకునే లేస్తాను. మాట తడబడితే మిగతాది తను చెబుతుందట. ముందు ఈ బిళ్ళ మింగి నాలిక ఎత్తి చూపించమంది.