సుజాతకు పాలు, తక్కిన పిల్లలకు కాఫీ

అక్కకు తమ్ముడు సాయిలు దండం పెట్టి రాసేది. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? పానగల్‌లో వానలు పడ్డాయా? నేను బాగానే ఉన్నాను. మహబూబ్‌నగర్‌లో ఇంకా ఉక్కగానే ఉంది. హాస్టల్ వంటింట్లో పొయ్యి ముందర మరీను. చాయ్, కాఫీ కాయడమే నా పని. అన్నం దొరుకుతుంది, జొన్నరొట్టె దొరకదు. మాట్లాడే మనిషి లేడు. నా గురించి ఫికర్ పడకు, బాగానే ఉన్నాను.

రాయాల్సింది నీ మనవరాలు సుజాత సంగతి. ఈ హాస్టల్‌లోనే ఉండి డాక్టర్ చదువు పరీక్షకు చదువుతోంది కదా. నీ కొడుకు యాదగిరి ఫోన్ చేసి, "మామా, పిల్లకు కాఫీ జర కడక్‌గ పొయ్యి. నిద్ర పోతది" అన్నాడు. అడిగినప్పుడల్లా పోశాను. నిద్ర పోయింది. దాని వెంటే చదువూ పోయింది.

పోయిన వారం పరీక్ష పెడితే మధ్యలోనే లేచి వచ్చేసింది.

"తాతా, గుండె దడదడ కొట్టుకుంటాంది. రాత్రంత చదివిన. ఒక్కటి గుర్తుకొస్తలేదు" అని ఏడ్చింది.

దవాఖానకు తీసుకుపోయాను. "కాఫీ కొంచెమైతే చురుకు పుట్టిస్తది. గిన్ని తాగి నిద్ర చంపుకుంటే చదివింది తలల నిలుస్తదా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది.

పిల్లలందరికీ కాఫీ తగ్గిద్దామని వార్డెనమ్మకు చెప్పి చూశాను. "పెద్దాయనా, పొయ్యి సంగతి నువ్వు చూస్కో. చదువు సంగతి మేం చూస్కుంటం" అంది.

ఇప్పుడు సుజాత గ్లాసులో పాలు పోస్తున్నాను. తక్కిన పిల్లలు చూసి, "సుజాతకేమో పాలు, మాకేమో కాఫీనా తాతా? మేం నీకేం గాకపోతిమా?" అని నవ్వుతారు. వాళ్ళ నాయినలు కూడా ఫోన్లు చేసేవాళ్ళే. పోస్తూనే ఉన్నాను.

అక్కా, పిల్లను కొన్నాళ్ళు ఇంటికి పిలిపించు. పుస్తకాలు వద్దు. నీ పక్కన పండబెట్టుకో, ఎవరినీ లేపనియ్యకు. ఈసారన్నా నిజంగా నిద్ర పోనియ్యి. చదువు పాడైతదని యాదగిరి అంటాడు. ఫోన్‌లో అతనికి ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

బావకు దండాలు. పిల్లను, నన్ను చల్లగా ఉండమని దీవించు.

నీకు కళ్ళు ఆనవు, ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది యాదగిరే. అల్లుడా, గొంతు తగ్గించకు. మీ అమ్మకు వినపడాలె.

నీ తమ్ముడు
సాయిలు