ఆయన పెట్టె, ఆవిడ పెట్టె

మార్చి 9, ఆదివారం

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అంటే తింటున్నాను, పనికి వెళ్తున్నాను, తల దువ్వుకుంటున్నాను. అక్కడ మీరూ క్షేమమని తలుస్తున్నానని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. కొడుకు పోయిన తల్లి ఎలా ఉంటుందో తెలియనంత అమాయకురాలిని కాను.

నేను ఫోన్ చేస్తే మీరు తియ్యడం లేదు. తప్పు పట్టడం లేదు లెండి, తీసినా ఏం మాట్లాడాలో నాకూ తెలియదు. మొన్న ఆడపడుచు ఫోన్ చేసి మీ మాట చెప్పింది. వదినా, అన్నయ్య వీడియోగేమ్‌లు ఆడుకునే నల్లపెట్టె అమ్మకి కావాలట, అదొక్కటి పంపిస్తే ఇంకేమీ అడగదట, అంది. వెనకనుంచి మీ గొంతు కూడా వినిపించింది. ఆవిడగారి పెట్టె మాత్రం నా గడప తొక్కకూడదని చెప్పు, అంటున్నారు. సరే అన్నాను. మీ అబ్బాయి పెట్టె పంపుతున్నాను. రెండుసార్లు కట్టి రెండుసార్లు విప్పాను, ఇప్పుడు మూడోసారి కట్టాను. ఈ ఉత్తరం పైన పెడుతున్నాను. చివరిదాకా చదివాకే లోపలి కాగితం విప్పండి.

ఆ రోజు అందరి ముందూ మీరన్న మాట నాకు గుర్తుంది. దీని కంట్లో ఒక్క చుక్కైనా రాలేదు చూడండి, అన్నారు. నిజమే, రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఎక్కడో దాచుకున్నానని కాదు, లేవు. ఎక్స్‌రే గదిలో రోజంతా నేనేమంటుంటానో మీకు తెలుసు కదా. గడ్డం ఇక్కడ ఆనించండి, ఊపిరి పీల్చి బిగబట్టండి, కదలకండి అంటాను. అద్దం వెనక్కి వెళ్ళి మీట నొక్కి, ఇక వదలండి అంటాను. మీ అబ్బాయి పనిచేసే చోటునుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు నాకెవరో మొదటి మాట చెప్పారు. వదలండి అనే రెండో మాట ఇంకా ఎవరూ చెప్పలేదు. అలా ఉన్నాను.

ఆయన పళ్ళసెట్లు చేసే ల్యాబ్‌వాళ్ళు ఆయన బల్ల ఖాళీ చేసి సామానంతా ఒక అట్టపెట్టెలో ఇచ్చారు. మైనం చెక్కే సన్నటి కత్తులు, టీ మరకలు పోని కప్పు, ఎవరికోసమో సగం చెక్కిన మైనపు పళ్ళు. ఆ పళ్ళు మాత్రం వెంటనే తిరిగి ఇచ్చి వచ్చాను. పాపం ఎవరో నోరు మూసుకుని ఎదురుచూస్తుంటారు కదా. మీకు చేసిచ్చిన సెట్టు ఇప్పుడు సరిగ్గా కూర్చుంటోందా? చిగుళ్ళు తగ్గాయి, అమ్మది మళ్ళీ సరిచెయ్యాలి అంటూనే ఉండేవారు.

వారపత్రిక ఎడిటరు ఫోన్ చేశాడు. మా పేజీ ఇక ఆపేస్తామన్నాడు. ఆపండి అన్నాను. ఆయన పెట్టె, ఆవిడ పెట్టె అన్న ఆ పేజీ లేకపోతే ఊరేమీ గొడ్డుపోదు. పెళ్ళయిన ఇద్దరు, రెండు రకాల ఆటపెట్టెలు, ఏది గొప్పదని వారం వారం తగువు. ఎడమవైపు సగం మీసాల బొమ్మ కింద, కుడివైపు సగం కొప్పు బొమ్మ కింద. ఇందులో మీకు తెలియనిదేముంది. మీరు కత్తెర పెట్టి పేజీని నిలువునా కోసి, మీసం సగం రేకు డబ్బాలో దాచుకుని, కొప్పు సగం అలమర అరల్లో పరిచేవారని ఆడపడుచు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది లెండి.

మీసం సగంలో ఒకటి మీకు నోటికి వచ్చు. మగవాడి పెట్టె నల్లగా, బరువుగా, హాలు మధ్యలో కూర్చోవాలి. మీట నొక్కగానే పని మొదలుపెట్టడం దానికి నామోషీ, ముందు అప్‌డేట్ అని చెప్పి అరగంట పడుకోవాలి. లేచాక ఇల్లెగిరిపోయేలా ఫ్యాను మోత మోగించాలి. చేసేది ఒక్క పనే అయినా గదంతా వేడెక్కిపోవాలి. ఇది చదివి మీరు పక్కింటావిడకు కూడా వినిపించి, అచ్చం వాళ్ళ నాన్నే, వీడి కలంలో ఎంత చమత్కారమో చూడండి, అన్నారట.

దాని పక్కనున్న కొప్పు సగం మీకు నచ్చలేదు. ఆడవాళ్ళ పెట్టె చిన్నది, టీవీ ఎవరైనా లాక్కుంటే నోరెత్తకుండా చేతిలోకి ఒదిగిపోతుంది. ఓ కన్ను కూర మీద వేసి ఆడుకోవచ్చు, బస్సులో నిలబడి ఆడుకోవచ్చు. బొమ్మలు అంత తళతళలాడవు, నిజమే. కానీ పిలవగానే పలుకుతుంది. చార్జింగు అయిపోయి చల్లబడేదాకా దానికి కూడా ఓపిక అనేది ఒకటుంటుందని ఇంట్లో ఎవరికీ గుర్తురాదు. ఇది చదివి మీరు ఫోన్ చేసి, మీ ఆవిడ నిన్ను నలుగురిలో దెప్పుతోందిరా, అన్నారు.

ఇంకోసారి కొప్పు సగంలో ఒక తప్పు పడింది. పెట్టె గుండెల మీద పెట్టుకుని అలాగే నిద్రపోయేవాణ్ణి, అని అచ్చయింది. మీరు ఊరుకుంటారా. దానికి ఆడో మగో కూడా తెలియకుండా పోయిందిరా, దాన్ని, వాణ్ణి తేడా రానిదాన్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టు, అన్నారు. ఫోన్ స్పీకర్‌లో నేనూ విన్నాను. మీ అబ్బాయి నవ్వు మీకు వినపడకుండా తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు.

అన్నిటికంటే మీకు మంట పుట్టించింది అత్తగారి ముక్క. మా అత్తగారు వచ్చిన వారం నా చేతిపెట్టె నాకు దక్కలేదు, అని మొదలవుతుంది. అందులో ఇల్లు కట్టుకునే ఆట ఉంది. మా అత్తగారు పెద్ద వరండా కట్టారు, ఊయల వేశారు, చుట్టూ మొక్కలు నాటారు, వంటిల్లు మాత్రం కట్టలేదు. వంటగది ఏదీ అని అడిగితే తలెత్తకుండా, ఇక్కడ కూడానా, అన్నారు. ఆ ముక్క చదివి మీరు, నన్ను పనిదొంగని చేసి పత్రికకెక్కించింది, అని ఏడ్చారని తెలిసింది. అప్పట్నుంచే నాతో మాటలు తగ్గించారు. ఈ సంగతి తెలిసిన రోజు మీ అబ్బాయి అన్నం తినలేదు. ఆయన ఎందుకు తినలేదో మీరు వేరేలా అనుకుని ఉంటారు.

ఇల్లు అలాగే ఉంది. సోఫాలో ఆయన కూర్చునే వైపు గుంట పడి ఉంది, నేను నా వైపే కూర్చుంటున్నాను. పొయ్యి మీద ఏది ఎంతసేపు ఉంచాలో తెలియక రోజూ ఏదో ఒకటి మాడుస్తున్నాను. మాడిందే తింటున్నాను, తేడా తెలియడం లేదు. టీవీ పెట్టను. మీమీద కోపం ఉందా అని వెతుక్కున్నాను. అది కూడా దొరకలేదు.

మామయ్యగారికి నా నమస్కారాలు. ఆడపడుచుని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీరు ఇంకా అనుకుంటే
మీ కోడలు

తా.క. కాగితం విప్పితే లోపల నల్లపెట్టె ఉండదు. చేతిపెట్టె ఉంటుంది. కోపంతో పక్కన పడెయ్యకండి. మీ అబ్బాయిది అదే. మీరున్న వారమంతా అది మీ చేతుల్లోనే ఉంది, ఎవరిదో మీరు అడగలేదు, మేం చెప్పలేదు.

నల్లపెట్టె నాది. మొదటి వారం మేమిద్దరం చెరో ముక్క రాసి, ఏది ఎవరిదో రాయడం మరిచిపోయి పంపాం. ఆడతాను, వండుతాను అనే మాటల్లో ఆడా మగా తేలదు కదా. పత్రికలో పేజీ కూర్చే కుర్రాడు చదివాడు. ఒకరు కూర కలుపుతూ చేతిపెట్టెలో ఆడుకుంటారట, దానికి కొప్పు పెట్టాడు. ఇంకొకరు డ్యూటీ నుంచి వచ్చి హాల్లో కాళ్ళు చాపుకుంటారట, ఆట మధ్యలో పలకరిస్తే ఊరుకోరట, దానికి మీసం పెట్టాడు. పాపం అతని తప్పేముంది. మేం పడీ పడీ నవ్వి, అలాగే ఉంచేశాం. మీరు మామయ్యగారిని తలుచుకుని మురిసిపోయింది నా గురించి నేను రాసుకున్నదానికి. వాణ్ణి అని రాసి కొట్టేసి దాన్ని అని దిద్దుకుంటూ కొప్పు సగమంతా రాసింది మీ అబ్బాయి. ఆ ఒక్కసారి దిద్దడం మరిచిపోయారు. మీ ఏడుపు సంగతి తెలిశాక, ఫోన్‌లో చెబితే నమ్మదు, అమ్మ ఈసారి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను, అన్నారు. మీరు వచ్చేసరికి చెప్పడానికి ఆయన లేరు.

కొప్పు సగాలన్నీ పెట్టె కింద పెట్టాను. మీ వరండా ఇల్లు పెట్టెలో అలాగే ఉంది. మీరు వెళ్ళాక అందులో మొక్కలకు రోజూ ఆయనే నీళ్ళు పోసేవారు. తర్వాత నేను పోశాను. ఇక మీరు పోసుకోవాలి.

అత్తగారి ముక్క అన్నిటికంటే పైనుంటుంది. ఆయన రాసిచ్చిన కాగితంలో అంతటా మా అమ్మ అనే ఉంది. బొమ్మ కొప్పుది కాబట్టి మా అత్తగారు అని మార్చింది నేను. మీరు దాన్ని మళ్ళీ మార్చి, అత్తగారు అన్న చోటల్లా అమ్మ అని చదవండి. పైకి చదవండి, ఆడపడుచుని ఫోన్ పట్టుకోమనండి. మీ నోట వింటే నాకు ఒక్క చుక్కైనా వస్తుందేమో చూస్తాను.