గరుడ నౌకలో మాయమైన రీళ్లు

హైదరాబాదు,
ఫిబ్రవరి 9, 1964

చిన్నమ్మా,

నీకూ సీతారాములు చిన్నాయనకూ నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను అని రాయడం అలవాటు. ఈసారి అలా రాయలేను.

నిన్న కాన్వెంటు సిస్టర్ల దగ్గర అనుమతి తీసుకుని సినిమాకు వెళ్లాను. మన “గరుడ నౌక” సినిమాకే. ప్రతి గురువారం ఊరంతా పంచాయతీ రేడియో దగ్గర కూర్చుని వినే ఆ నాటకం రాసేది నేనని మీ ఇద్దరికి తప్ప అక్కడ ఎవరికీ తెలియదు కదా. మద్రాసు వాళ్లు సినిమా తీస్తామంటే సంతోషంగా సంతకం పెట్టాను. చూశాక నోట మాట రాలేదు.

రేడియోలో ఏడాది దాటినా నౌక ఇంకా అంగారకుడిని చేరలేదు. సినిమాలో ఒక్క పాటలో చేరిపోయింది. పల్లవిలో భూమి, చరణంలో అంగారకుడు. కెప్టెన్ ప్రభాకర్ దిగగానే టోపీ తీసి తల దువ్వుకున్నాడు. గాలి లేని చోట ఆయన క్రాపు ఎగురుతోంది. నౌక కిటికీకి పూల పరదా కట్టారు.

ఇన్నాళ్లూ కెప్టెన్ ముఖం ఎవరికి నచ్చినట్టు వాళ్లు అనుకున్నారు. ఇప్పుడు అందరికీ ఒకటే ముఖం, సన్న మీసంతో. చిన్నాయన తన డేరా టాకీసుకు ఈ సినిమా తేకుండా చూడు.

నీ సుగుణ

తా.క. సినిమాలో కెప్టెన్ గారి అమ్మ కూడా నౌకలో ఉంది. నేను రాయలేదు. ఆమె ఎప్పుడు ఎక్కిందో నాకు తెలియదు.


రామన్నపేట,
ఫిబ్రవరి 13

చిరంజీవి సుగుణకు చిన్నమ్మ భద్రమ్మ దీవెనలు.

నీ ఉత్తరం కన్నా ముందే సినిమా పెట్టెలు బస్సు దిగినాయి. ఇప్పుడు వాపసు పంపే వీలు లేదు. మీ చిన్నాయన మగ్గం వదిలి డేరా పెట్టినప్పటి నుంచి వాళ్లన్న లింగస్వామి బావ ఈయనతో మాట్లాడటం లేదు. ఈ సినిమా ఆడకపోతే డేరా అమ్మేసి మళ్లీ మగ్గం గుంటలో కూర్చుంటానని ఈయన అన్నకు మాటిచ్చాడు. బావ అప్పుడే గుంట ఊడ్పించాడు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. “నోట మాట రాలేదు” అన్న దగ్గర మీ చిన్నాయన లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రమే ఎడ్లబండికి మైకు కట్టి ఊరంతా తిరిగాడు. “రేడియో నాటకం రాసింది మా సుగుణనే. గీ సినిమా సూసి రాసిన పిల్లనే పరేషానయింది. ఇగ మీరు సూస్తె ఏమైతరో” అని ఒకటే చెప్పడం. ఊరంతా నిన్ను పొగుడుతోంది.

నీ మేలు కోరే చిన్నమ్మ

తా.క. తల్లి నౌకలో ఉంటే తప్పేముంది? అంత దూరం పోయే కొడుకుకు అన్నం ఎవరు పెట్టాలి?


హైదరాబాదు,
ఫిబ్రవరి 15

చిన్నమ్మా,

మైకులో నా పేరా? క్లాసులో పిల్లల హాజరు పిలిచేటప్పుడే నా గొంతు సగం బయటికి వస్తుంది. నేను రేడియోకు రాసేదే అక్కడ నన్నెవరూ చూడరని. నోట మాట రాలేదని రాసింది మెచ్చుకుని కాదు, హడలిపోయి. ఆ సంగతి చిన్నాయనకు చెప్పు.

సుగుణ

తా.క. వద్దు, చెప్పకు. అదీ మైకులో చెప్తాడు.


రామన్నపేట,
ఫిబ్రవరి 17

సుగుణా, క్షేమ సమాచారాలు రాసే తీరిక లేదు.

మొదటి ఆటకు డేరా నిండింది. ఆలేరు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పాట అయ్యేసరికి నౌక దిగింది. అప్పుడు మనకు నూలు కండెలు చుట్టే నర్సింగమ్మ లేచి తెర ముందుకు నడిచింది.

“ఏమయ్య సీతారాములు, నీళ్ల ట్యాంకు పగిలింది గదా, గదేమాయె? డాక్టరమ్మకు జరమొచ్చింది, గదేమాయె? ఏడాది సంది మేమిన్నదంతా యాడ వెట్టినవ్?”

సినిమా ఇంతే అని మీ చిన్నాయన ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఆఖరి బస్సు వేళకు ఆట ముగించాలని డేరా వాళ్లు మధ్యలో ఒకటో రెండో రీళ్లు ఎగరగొట్టడం అందరూ ఎరిగిందే. ఈయనా అప్పుడప్పుడు యుద్ధం రీళ్ల దగ్గర ఆ పని చేశాడు. ఏడాది కథను మూడు గంటలకు కుదిస్తారంటే ఎవరి బుద్ధికీ అందలేదు. దొంగతనమంటే మాత్రం వెంటనే అర్థమైంది.

సర్పంచి జానయ్య తీర్పు చెప్పాడు. “పై వారం గురువారం దాసిన రీళ్లు ఏసి సూపియ్యి. లేకుంటె డేరా ఎత్తెయ్యి.”

అప్పటిదాకా ఆట లేదు. బావ మగ్గం గుంటలో చాప వేయించాడు. మీ చిన్నాయన అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. మిగతా రీళ్లు నీ దగ్గరే ఉంటాయి కదా, వెంటనే పంపు.

చిన్నమ్మ

తా.క. ఆ సన్న మీసం మనిషిని నర్సింగమ్మ కెప్టెన్ అని ఒప్పుకోవడం లేదు. అసలు కెప్టెన్‌ను ఎక్కడో కట్టేసి ఇతను నౌక ఎక్కాడని ఆమె అనుమానం.


హైదరాబాదు,
ఫిబ్రవరి 21

చిన్నమ్మా,

వేరే రీళ్లు లేవు. నా దగ్గర లేవు, మద్రాసులో లేవు, భూమి మీద ఎక్కడా లేవు. సినిమా అంటే అంతే.

నిన్న ఒక పేజీ కూడా రాయలేకపోయాను. సంతకం పెట్టింది నేను, డేరా పోయేది చిన్నాయనది. అందుకని సెలవు అడిగాను. గురువారం మధ్యాహ్నం బస్సుకు వస్తాను. పాట మొదలు కాగానే మిషను ఆపి దీపాలన్నీ తీసేయమను. తెర వెనక ఒక స్టూలూ, ఆ మైకూ పెట్టించు. మధ్య కథంతా నాకు నోటికి వచ్చు. చీకట్లో చెప్తాను.

నేనున్నానని ఎవరికీ చెప్పొద్దు. ఎవరైనా వెనక్కి తొంగిచూస్తే నేను లేచి వెళ్లిపోతాను.

సుగుణ

తా.క. కెప్టెన్ గొంతు నాకు రాదు. ఇక్కడ స్నానాల గదిలో ప్రయత్నించాను. సిస్టరు దవాఖానకు పొమ్మంది.


రామన్నపేట,
ఫిబ్రవరి 29

సుగుణ తల్లికి చిన్నమ్మ ముద్దులు.

నువ్వు తెల్లవారే బస్సెక్కి పోయావు. తెర వెనక కూర్చున్న దానివి, ముందు ఏం జరిగిందో నీకు తెలియదు.

దీపాలు తీయగానే ఈలలు మొదలయ్యాయి. నువ్వు గొంతు విప్పాక అన్నీ ఆగిపోయాయి. ట్యాంకు పగిలినప్పుడు నర్సింగమ్మ “ఇగో, గిదే దాసిండు” అని నా తొడ మీద కొట్టింది. కెప్టెన్ మాట్లాడగానే గొంతు మారిందేమిటని ఎవరో గొణిగారు. “అంత సలిల తిరుగుతుంటె గొంతు పట్టదా? సప్పుడు జెయ్యక కూసో” అని ఆమె కసిరింది. నువ్వు ముగించాక మళ్లీ బొమ్మ వేస్తే, దీపం ఆర్పమని జనం గోల పెట్టారు.

రీళ్లు దొరికాయనీ, కాకపోతే బొమ్మ మాసిపోయి మాటే మిగిలిందనీ సర్పంచి తేల్చాడు. డేరా నిలిచింది. బావ గుంట మీద పలకలు కప్పించి, వచ్చే గురువారం ముందు వరసలో జాగా ఉంచమని తమ్ముడికి కబురు చేశాడు. నువ్వు రాక తప్పదు.

నీ చిన్నమ్మ

తా.క. పెట్టెలు తీసుకుపోవడానికి వచ్చిన సినిమా కంపెనీ మనిషి ఆ రాత్రి ఆట చూశాడట. మిగతా ఊళ్లన్నిట్లో సినిమా పోయిందట. తమ దగ్గర లేని రీళ్లు ఇక్కడ ఎలా ఉన్నాయని నిర్ఘాంతపోయి మద్రాసుకు తంతి కొట్టాడు. వాళ్లకు ఆ రీళ్లు ఊరూరికీ కావాలట. తెర వెనక నువ్వున్నావని ఎవరికీ చెప్పబోమని నీకు మాటిచ్చాం కనుక మీ చిన్నాయన నిజం చెప్పలేదు. “ఒక్కటే ప్రతి ఉన్నది, హైదరాబాదుల కాన్వెంటుల భద్రంగ ఉన్నది” అన్నాడు. సోమవారం వాళ్లు అక్కడికి పెట్టె తెస్తారు. ఎంత పెద్ద పెట్టె కావాలని అడిగితే ఈయన కంగారులో నీ ఎత్తు చెప్పాడు.