ఆయిల్ మూత దగ్గర అరచెయ్యి

ములకలపల్లి,
18 ఆగస్టు 2025

సత్తుపల్లిలో ఉన్న చందర్ బావకు,

లాలు నమస్కారాలు. ఇక్కడ నేను, నీ చెల్లెలు పూలి బాగానే ఉన్నాం. వానలు పడుతున్నాయి.

ఫోన్‌లో నాకు మాట పెగలదని నీకు తెలుసు, అందుకే రాస్తున్నాను. రోజూ జమాఖర్చులు తప్ప ఇంకేమీ రాయని చెయ్యి ఇది. సర్దుకో.

నీ పాత బండ్ల అడ్డాలో ఒక్క జీపే మిగిలిందనీ, అదీ అమ్ముడుపోకపోతే జాగా ఖాళీ చెయ్యాల్సిందేననీ చెప్పావు. "దాన్ని కొంటనంటున్న హరిలాల్ నీ మాట ఇంటడు. ఇంజన్ మంచిగున్నదని ఒక్క ముక్క చెప్పు బావా" అన్నావు. వచ్చినోళ్లంతా బేరానికి ముందే, నడుస్తున్న ఇంజన్ ఆయిల్ మూత తీసి, అరిగిందైతే పొగ తంతుందని అరచెయ్యి పెట్టి చూస్తున్నారనీ, ఆ విద్య నేర్పినోళ్ల చేతులు విరగ్గొడతాననీ కూడా అన్నావు.

కిందటేడు నాకు జీపు అమ్మినప్పుడు "సొంత చెల్లెకు ఖరాబు బండి ఇస్తనా?" అన్నావు. నేను మూత మీద చెయ్యి వెయ్యబోతే పూలి ఆపింది. అన్నను అనుమానించొద్దంది.

అరిగిన ఇంజన్‌లో నువ్వు చిక్కటి ఆయిల్ పోశావు. వేడెక్కేదాకా అది నీ మోసాన్ని దాచింది. పూలికి నొప్పులొచ్చి దవాఖానాకు బయల్దేరినప్పుడు, అడవిలో ఎత్తు ఎక్కుతుంటే ఆయిల్ పలచబడింది. రింగుల సందుల్లోంచి గ్యాసంతా పిస్టన్ల కిందికి జారిపోయింది. బండిని పైకి లాగే బలం మిగల్లేదు. మూత తీశాను. బుస్సుబుస్సున పొగ తన్ని నా అరచెయ్యి కాలింది.

బిడ్డ ఆ రోడ్డు మీదే పుట్టింది. ఏడవలేదు.

తర్వాత నువ్వొచ్చి "ఇంజన్ అన్నంక గట్లనే ఉంటది బావా, ఏంజేస్తం" అన్నావు. నేనేమీ అనలేదు. అది క్షమించడమనుకున్నావు.

హరిలాల్‌కు నేను చెప్పను. జాగా ఖాళీ చేసే రోజు కబురు పెట్టు. వచ్చి ఎదురుగా నిలబడి చూస్తాను.

ఇట్లు,
లాలు

తా.క.: ఆ విద్య నేను నేర్పింది ఒక్క మనిషికే. దుమ్ముగూడెం దాకా తండా తండా తిరిగి, బండి కొనబోయే ప్రతి ఇంట్లో నేర్పింది మాత్రం పూలి. "మా అన్న దగ్గర కొంటే రెండుసార్లు చూడుండ్రి" అని మరీ చెప్తుంది. ఈ ఉత్తరం నీకిచ్చి, హరిలాల్‌తో నీ ముందు నిలబడ్డది ఆమే. నువ్వు విరగ్గొడతానన్న చేతులు, మొన్న నీకు రాఖీ కట్టినవే. ఇంజన్ స్టార్ట్ చెయ్యి. వేడెక్కేదాకా ఆపొద్దంది.