స్కానింగ్ గదిలో ఆ ఒక్క కుర్చీ

తెనాలి,
12 ఆగస్టు 2025

చిరంజీవి జెన్నిఫర్‌కు,

ప్రభువు కాపుదల నీ మీదా, నీ కడుపులోని బిడ్డ మీదా ఉండుగాక. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కనే మీ అత్తగారుంటారు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న ఆరాధన అయ్యాక నిర్మల వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ జెన్నిఫర్ బిడ్డకి గుండెలో ఏదో తేడా అంటగా టీచరుగారూ, రేపల్లె స్త్రీల కూటంలో అందరూ ప్రార్థన చేశారంటండి" అంది. తెలిసినట్టే తల ఊపాను. కన్నతల్లికి తెలియని సంగతి రేపల్లె కూటం మొత్తానికి తెలుసు. ప్రార్థన చేయమని మనవి ఇచ్చింది మీ అత్తగారు ఫ్లోరెన్స్.

ఇంటికొచ్చి మీ ఆయన శ్యామ్‌ను ఫోన్‌లో నిలదీస్తే అప్పుడు చెప్పాడు. అయిదో నెల స్కానింగ్‌లో బాపట్లలో అనుమానం వచ్చిందట. గుంటూరులో బిడ్డ గుండెకు వేరే స్కాన్ తీశారట. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి ఉన్నాయట. పుట్టగానే చికిత్స మొదలుపెట్టి, ఆపరేషన్‌తో సరిచేస్తారట.

గదిలో నీ పక్కన ఎవరున్నారని అడిగాను. ఒక్కరినే లోపలికి రానిస్తారట, ఒక్కటే కుర్చీ అట. అందులో కూర్చున్నది మీ అత్తగారు. తెనాలిలో రైలెక్కితే నేను ఆవిడకంటే ముందే వచ్చేదాన్ని. పిలిస్తే కదా.

నిన్న ఆవిడే ఫోన్ చేశారు. "మొదటి కానుపైనా పుట్టింట్లో వద్దులెండి వదినగారూ, గుంటూరులో గుండె డాక్టర్లున్న ఆసుపత్రిలోనే కనాలన్నారు. అన్నట్టు, మీ వైపు పుట్టుకతో గుండె జబ్బున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారాండి?" అన్నారు. ముందు మీ వైపు చూసుకోండి అని పెట్టేశాను.

నీ కోసం గదికి సున్నం వేయించాను. మొదటి కానుపు పుట్టింటిది. అదీ ఆవిడే తీసుకున్నారు. నువ్వు ఏడ్చినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నావని తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

నీ క్షేమం కోరే
అమ్మ,
కాంతమ్మ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఆవిడ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబుంది.

నీకంటే ముందు మాకొక బాబు. పుట్టిన కాసేపటికే పెదవులూ గోళ్ళూ నీలంగా మారాయి. ఆసుపత్రిలోనే బాప్తిస్మం ఇప్పించి శాలేమురాజు అని పేరు పెట్టాం. ఆ వారంలోనే పోయాడు. ఎందుకు పోయాడో చెప్పినవాళ్ళు లేరు. మీ నాన్న ఆ పేరు వినలేరు, అందుకే నీకూ చెప్పలేదు.

నా అసూయ ఫ్లోరెన్స్‌గారి మీదే అనుకున్నాను. నీ మీద కూడా. నీ బిడ్డకు ఏముందో నీకు ముందే చూపించారు. నాకెవరూ చూపించలేదు.

ఇక జరగవలసినవి:

1. బాబు సంగతి ఈ ఉత్తరం అందగానే డాక్టరుగారికి చెప్పు. వాడిదీ ఇదే జబ్బని నేననను, అది వాళ్ళు తేల్చాలి.

2. కానుపు గుంటూరులోనే. బిడ్డ కోలుకున్నాక ఇద్దరూ తెనాలి గదికి రండి.

3. ఫ్లోరెన్స్‌గారికి నువ్వు చెప్పకు. నేనే రేపల్లె వచ్చి చెబుతాను.

4. వచ్చే స్కానింగ్‌కు ఆ కుర్చీ నాది.

5. బిడ్డను మొదట ఎత్తుకునేది డాక్టరు. అందుకు నాకు ఏ బాధా లేదు. ఆ తరువాత నువ్వు. నీ చేతుల్లోంచి తీసుకునేది నేను. ఫ్లోరెన్స్‌గారు నా తరువాత.