గుడ్డ మీద అడ్డగీతలు

బుధవారం, పడుకునే ముందు

నేను నేసిన బడి యూనిఫాం గుడ్డను సర్కారు సంస్థవాళ్లు ఈరోజు వాపసు ఇచ్చారు, అడ్డగీతలున్నాయని. ఉండవా మరి? నేస్తుండగా కరెంటు పోతే మరమగ్గం ఆగుతుంది, ఆగినచోటల్లా గీత పడుతుంది. ఆ మాటే వాళ్ల ఆఫీసరుతో అన్నాను.

"కరెంటోళ్లు వేరే, మేము వేరే అన్నా. గీతలుంటే తీసుకోం."

"రెండూ సర్కారువే గద సార్! మీ ఆర్డరును నమ్ముకొని మరిపెడ బట్టల సేటు లుంగీల పని గూడ వద్దన్న. ఇప్పుడు నా మగ్గాలకు పనేది?"

అతను జవాబు చెప్పేలోపే నెత్తిమీద ఫ్యాను ఆగిపోయింది. ఇప్పుడన్నా తెలిసొస్తుందనుకున్నాను. ఏం తెలిసొచ్చింది, నా మొహం! "జర ఆగన్నా, కరెంటొచ్చినంక మాట్లాడుదాం" అంటూ, నా గుడ్డను రిజెక్టు చేసిన కాగితంతోనే విసురుకున్నాడు.